వరద నాట్యానికి సెన్సారు ఎక్కడ కట్టాలి?

టీచర్ గారూ,

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. అమలాపురం దగ్గర మీ కూచిపూడి స్కూల్. ఎనిమిది మంది అమ్మాయిలు. సంక్రాంతి రోజుల్లో ఊరి మధ్య ఓపెన్ స్టేజీ మీద, గోదావరి వరద గురించి 20 నిమిషాల అంశం. వెనక ఎల్‌ఈడీ వాల్ పెట్టి, పిల్లలు అడుగు వేసినప్పుడల్లా దాని మీద నీళ్ళు ఎగరాలని మీ కోరిక. ఇంజినీరింగ్ చదివే మీ తమ్ముడు పిల్లల కాళ్ళకు కదలికను పసిగట్టే సెన్సార్లు కడతానంటున్నాడు. ఆఖర్న గరగల వాళ్ళని (అమ్మవారి పేరున అలంకరించిన కుండలు తలకెత్తుకుని ఆడేవాళ్ళని) కూడా పిలిచి గరగలకు లైట్లు చుడదామా అని ఇంకో ఆలోచన. చేతిలో 40 వేలు. వాలా, ప్రొజెక్టరా? సెన్సార్లు ఎలాంటివి కొనాలి, ఎక్కడ కట్టాలి?

నేను చిన్నప్పుడు ఆరేళ్ళు కూచిపూడి నేర్చుకుని వదిలేసినవాణ్ణి. తర్వాత ఎలక్ట్రానిక్స్ చదివాను. పన్నెండేళ్ళుగా రాజమండ్రి నుంచి నరసాపురం దాకా డ్యాన్స్ ప్రోగ్రాంలకు లైట్లు, ప్రొజెక్షన్, సెన్సార్లు చూస్తున్నాను. బాగా జరిగినవాటి కంటే నేను పాడుచేసినవే ఎక్కువ గుర్తున్నాయి. చెప్పేదంతా వాటి నుంచే.

ముందు వాల్ సంగతి. ఇప్పుడు మన వైపు పెళ్ళికీ, ఓణీల ఫంక్షన్‌కీ, తీర్థానికీ అన్నిటికీ ఎల్‌ఈడీ వాలే. ఫోన్ చేస్తే సాయంత్రానికి వచ్చేస్తుంది. కానీ అది తానే ఒక పెద్ద దీపం. పిల్ల దాని ముందు నిలబడితే ఒంటి చుట్టూ వెలుగు అంచు కనిపిస్తుంది, ముఖం మాత్రం చీకటైపోతుంది. సత్యభామ కళ్ళెర్రజేసినా, కన్నీళ్ళు పెట్టినా మూడో వరసకు ఒకటే. ముఖం కనిపించాలంటే ముందు నుంచి అంతకు మించిన లైట్ కొట్టాలి, అప్పుడు పిల్లలకు కళ్ళు బైర్లు కమ్ముతాయి. వాల్ వెలుగును 15, 20 శాతానికి తగ్గిస్తే బాగానే ఉంటుంది. నేను ప్రతిసారీ అడుగుతాను, ఆపరేటర్ తగ్గిస్తాడు, నేను అటు తిరగగానే కమిటీ వాళ్ళు వచ్చి పెంచమంటారు. డబ్బులిచ్చి తెచ్చింది వెలగకపోతే ఎలా అని వాళ్ళ బాధ.

ప్రొజెక్టర్‌కు దీని ఎదురు సమస్య. లెక్క చూడండి. అద్దెకు దొరికే మామూలు ప్రొజెక్టర్ 3000 ల్యూమెన్లు. మీ తెర 12 అడుగులు బై 9 అడుగులు అనుకుందాం, అంటే సుమారు 10 చదరపు మీటర్లు. 3000ని 10తో భాగిస్తే చదరపు మీటరుకు 300, అంటే 300 లక్స్. బాగా వెలుగున్న ఆఫీసు గదిలో టేబుల్ మీద పడేంత వెలుగు, అంతే. మీ స్టేజీ మీద నాలుగు ఫ్లడ్ లైట్లు వేసి, చుట్టూ సీరియల్ సెట్లు వెలిగిస్తే తెర మీద బొమ్మ పాలిపోతుంది. అయినా మీకు నేను ప్రొజెక్టరే చెబుతాను. ఎందుకంటే మీకు కావలసింది బొమ్మ కాదు. అది తర్వాత చెబుతాను. లైట్లు మాత్రం ఎదురు నుంచి వద్దు, రెండు పక్కల నుంచి పిక్క ఎత్తులో ఒకటి, ఛాతీ ఎత్తులో ఒకటి పెట్టండి. అప్పుడు వెలుగు పిల్లల మీద పడి పక్కకు పోతుంది కానీ తెర మీద పడదు. కాళ్ళ పని కూడా చక్కగా కనబడుతుంది.

వరద వీడియో మాత్రం దయచేసి వేయకండి. 2022 జూలైలో వారం రోజులు ప్రతి ఇంట్లో ఫోన్‌లో అదే చూశాం. వెనక నిజం వరద దూకుతుంటే ముందు మీ పిల్లలు ఎంత బాగా చేసినా జనం కళ్ళు నీళ్ళ మీదే ఉంటాయి. కదిలే బొమ్మకూ కదిలే మనిషికీ పోటీ పెడితే పెద్దదే గెలుస్తుంది.

మీ అంశానికి నా దగ్గర ఒక ఆలోచన ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడు అంకెలు కోనసీమ పిల్లలకు ఎక్కాల కంటే ముందు వస్తాయి. మీ ప్రేక్షకుల్లో ప్రతి ఒక్కరికీ ఆ అంకె వినగానే గుండెలో ఏదో అవుతుంది. మద్రాసులోనో ఢిల్లీలోనో కూర్చున్నవాళ్ళకు అవి ఉత్త అంకెలు. మీ దగ్గరున్న అసలు సరుకు ఇదే.

కాబట్టి వెనక తెల్ల గుడ్డ, దాని మీద అడ్డంగా ఒకే ఒక్క నీలి గీత. అంతే. మొదట నేల మీద ఉంటుంది. నెమ్మదిగా లేస్తుంది. నిలబడిన అమ్మాయికి మోకాలి దగ్గరికి వస్తే 11.75, నడుం దగ్గర 13.75, భుజం దగ్గర 17.75. పిల్ల ఒళ్ళే కొలబద్ద. ఇందులో ఒక అందం ఉంది: అమ్మాయి అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి కూర్చుంటే తల కిందికి దిగుతుంది, గీత కదలకుండానే నీళ్ళు గొంతు దాకా వచ్చేస్తాయి. మళ్ళీ మునివేళ్ళ మీద లేస్తే ఊపిరి ఆడుతుంది. సెన్సారు లేదు, కంప్యూటర్ లెక్క లేదు. గీత ఒక్కటే కాబట్టి మన 300 లక్స్ ప్రొజెక్టర్‌కు సరిపోతుంది. చిక్కటి నీలం కంటే కాస్త తెలుపు కలిసిన లేత నీలం తీసుకోండి, బాగా కనబడుతుంది.

గీత ఎలా లేవాలన్నది మీ తమ్ముడి పని. ఊహించి పెంచవద్దని చెప్పండి. 2022 జూలై నాటి ధవళేశ్వరం గంట గంట నీటిమట్టాలు అప్పటి పేపర్లలో, టీవీ వార్తల్లో ఉన్నాయి. జూలై 16న మనకు ఎగువన భద్రాచలంలో 71.3 అడుగులకు చేరింది, 1986 తర్వాత అంత ఎప్పుడూ రాలేదు. 1986లో వచ్చింది 75.6. ఆ నాలుగైదు రోజుల అంకెలు తీసుకుని, మీ అంశంలో 12 నిమిషాలకు కుదిస్తే గీత దానంతట అదే నడుస్తుంది. నిజం వరద ఎప్పుడూ ఒకే తీరుగా పెరగదు. కాసేపు ఆగుతుంది, తగ్గినట్టు అనిపిస్తుంది, మళ్ళీ లేస్తుంది. ఆ ఆగడం దగ్గర మీరు పల్లవి పెట్టుకోవచ్చు. ఏ కొరియోగ్రాఫరూ కూర్చుని కల్పించలేని లయ అది.

అంకెలు ఎంత పెద్దవో కూడా పిల్లలకు ఒకసారి చెప్పండి. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. మొదటి హెచ్చరిక వేళకు బ్యారేజీ నుంచి దాదాపు 10 లక్షల క్యూసెక్కులు పోతాయి. అంటే సెకనుకు 2 కోట్ల 83 లక్షల లీటర్లు. చిటిక వేసేలోపు అంత నీరు 175 గేట్ల కింద నుంచి వెళ్ళిపోతుంది. ఈ లెక్క తెలిసిన పిల్ల వేసే అడుగు వేరేగా ఉంటుంది, నేను చూశాను.

నాట్యంలో కూడా తాళం వేగం పెంచకండి, అందరూ చేసే పని అది. తాళం అదే ఉంచి గతి మార్చండి. మొదటి హెచ్చరిక దాకా చతురస్రం, అంటే దెబ్బకు 4. అక్కణ్ణుంచి ఖండం, 5. రెండో హెచ్చరిక దాటాక మిశ్రం, 7. నట్టువాంగం చేసే చెయ్యి, అంటే జతులు చెబుతూ తాళాలు కొట్టే చెయ్యి, ఒకే తీరున నడుస్తుంటుంది, దాని లోపల అడుగులు క్రిక్కిరిసిపోతుంటాయి. గట్టు అదే, నీళ్ళు ఎక్కువ. ఎనిమిది మందిని ధవళేశ్వరం తర్వాత గౌతమి, వసిష్ఠలుగా రెండు పాయలు చేసి, వసిష్ఠలోంచి వైనతేయను విడదీస్తే స్టేజీ మీద మన డెల్టా పటం వచ్చేస్తుంది. మూడో హెచ్చరిక తర్వాత గతులు వద్దు. అంతా ఆగిపోవాలి. అక్కడ ఏం చేయాలో కింద చెబుతాను.

ఇప్పుడు కాళ్ళకు సెన్సార్లు. ఇక్కడ నా పాత కథ ఒకటి చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట డెల్టాలోనే ఒక ఊళ్ళో ఉత్సవాలు. మంచి నాట్యగత్తె, మూడో కాలంలో, అంటే బాగా వేగమైన నడకలో, అడుగులు నిప్పులు రాలినట్టు వేస్తుంది. నేను ఎమ్‌పీయూ6050 అనే కదలిక సెన్సారును, ఈఎస్‌పీ32 అనే వైఫై బోర్డును చిన్న డబ్బాలో పెట్టి గజ్జెల పట్టీ మీదే కట్టాను. రెండూ కలిపినా వెయ్యి రూపాయలు కాలేదు, తెగ సంతోషపడ్డాను. మొదటి రోజే తెలిసింది, ఒక్క తట్టుకు కంప్యూటర్‌లో మూడు దెబ్బలు పడుతున్నాయి. పాదం నేలను తాకి ఆగుతుంది కానీ గజ్జెలు ఆగవు కదా, ప్రతి మువ్వా ఇంకా ఊగుతూనే ఉంటుంది. దాన్ని గజ్జెల పైన, పిక్క కింద క్రేప్ బ్యాండేజీతో బిగించి, ఒక దెబ్బ నమోదయ్యాక 90 మిల్లీసెకన్ల పాటు ఇంకేదీ వినవద్దని ప్రోగ్రాంలో రాశాక దారికొచ్చింది. హాల్లో పది రోజులు రిహార్సల్ చేశాం. ఎక్కడా తప్పలేదు.

ఉత్సవం రోజు రాత్రి రెండు వేల మంది జనం. ప్రతి జేబులో ఒక ఫోన్. నా సెన్సారు మాట్లాడేది వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీదే. పైగా మనిషి ఒంట్లో ఉన్నది ఎక్కువగా నీరే, ఆ తరంగాలను నీరు పీల్చేస్తుంది. నా రిసీవరేమో జనం వెనక, సౌండ్ మిక్సర్ పక్కన ఉంది. ఖాళీ హాల్లో ఎదురుగా కనిపించిన సెన్సారుకూ నాకూ మధ్య ఇప్పుడు రెండు వేల కుండల నీళ్ళు. సగం అడుగులు రావట్లేదు, వచ్చినవి ఆలస్యంగా వస్తున్నాయి. ముందు వరసలో ఒక పెద్దాయన పక్కాయనతో అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: "ఆ తెర మీద బొమ్మేంటండీ, అమ్మాయిని చూసి కాపీ కొడుతోంది?"

రిసీవర్‌ను స్టేజీ పైన ట్రస్‌కు (లైట్లు వేలాడదీసే చట్రానికి) కడితే మొదటి సమస్య పోతుంది, తర్వాత అలాగే చేశాను. కానీ పెద్దాయన పట్టుకున్నది రెండోదాన్ని. అది అంత తేలిగ్గా పోయేది కాదు.

లెక్క వేద్దాం. నిమిషానికి 80 దెబ్బల తాళం. దెబ్బకు 0.75 సెకన్లు. మూడో కాలంలో దెబ్బకు నాలుగు అడుగులు, అంటే అడుగుకూ అడుగుకూ మధ్య 187 మిల్లీసెకన్లు. ఇప్పుడు అడుగు పడ్డాక వెలుగు మారేదాకా దారి చూడండి: సెన్సారు చదవడం, గాలిలో రావడం కలిపి 10, 20. కంప్యూటర్ బొమ్మ గీయడానికి ఒకటి రెండు ఫ్రేములు, సెకనుకు 60 ఫ్రేములైతే 17 నుంచి 33. ప్రొజెక్టర్ తన లోపల చేసుకునే సవరణలకు ఇంకో 30 నుంచి 80. అన్నీ కలిపి 120 అనుకోండి. 187లో 120 అంటే వెలుగు వెలిగేసరికి పిల్ల తర్వాతి అడుగుకు సగం పైగా వెళ్ళిపోయింది. ప్రేక్షకుడికి మిల్లీసెకన్లు తెలియకపోవచ్చు, తాళం తెలుసు. మన ఊళ్ళలో డప్పు వింటూ పెరిగినవాళ్ళకు ఇది ఇట్టే దొరికిపోతుంది.

మీ దగ్గర ఎంత ఆలస్యం ఉందో కొలవడానికి ఏ పరికరమూ కొనక్కర్లేదు. మీ ఫోన్‌లో స్లో మోషన్ 240 ఫ్రేములలో పెట్టి, పాదమూ తెరా రెండూ కనిపించేలా వీడియో తీయండి. పాదం నేలను తాకిన ఫ్రేము నుంచి తెర మారిన ఫ్రేము దాకా ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల చిల్లర. 30 ఫ్రేములు వస్తే 125. మీ తమ్ముడు ఎంత బాగా ప్రోగ్రాం రాశాడో వాదించుకోకుండా ఈ అంకె చూస్తే చాలు. ప్రొజెక్టర్ మెనూలో గేమ్ మోడ్ లాంటిది ఉంటే అది పెట్టి మళ్ళీ కొలవండి, వంకర పోయిన బొమ్మను సరిచేసే కీస్టోన్ సవరణ తీసేసి మళ్ళీ కొలవండి. తగ్గుతుంది. సున్నా మాత్రం కాదు.

ఎందుకు కాదంటే, సెన్సారుకు తెలిసేది జరిగిపోయిన సంగతే. మీరు లంక ఊళ్ళ, అంటే గోదావరి మధ్య దీవుల, దగ్గరివాళ్ళు కాబట్టి ఇలా చెబుతాను. లంకల్లో వాళ్ళు నీళ్ళు గడప తాకాక సామాన్లు సర్దుకోరు. భద్రాచలంలో 43 అడుగులు అనగానే గొడ్లను విప్పుతారు, 48 అంటే బియ్యం అటక ఎక్కిస్తారు. పైన నీళ్ళు చూసి కింద ఏం కాబోతోందో తెలుసుకుంటారు. కాలికి కట్టిన సెన్సారు గడప దగ్గరి కొలబద్ద లాంటిది. మీ స్టేజీ మీద భద్రాచలం ఎవరు? నట్టువాంగం చేసే మనిషి. తర్వాతి జతి (అడుగుల వరస) ఏమిటో, తీర్మానం (దాని ముగింపు) ఎక్కడ పడుతుందో ఆ మనిషికి ముందే తెలుసు.

అందుకని నేను ఇప్పుడు చేసే పని ఇది. ప్రతి డ్యాన్స్ స్కూల్లోనూ ఒక అమ్మాయి ఉంటుంది, జతులన్నీ నోటికి వచ్చు, స్టేజీ మాత్రం ఎక్కనంటుంది. ఆ అమ్మాయిని పిలిచి, 500 రూపాయలకు దొరికే యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ చేతిలో పెట్టి, నట్టువాంగం పక్కన కూర్చోబెడతాను. తీర్మానాల దగ్గర తను నొక్కుతుంది. రెండు రిహార్సళ్ళలో ఆలస్యం ఎంతో తన వేళ్ళకే తెలిసిపోతుంది, ఆ మేరకు కాస్త ముందే నొక్కుతుంది, తను ముందు నొక్కుతున్నట్టు తనకే తెలియదు. ఏ సెన్సారూ చేయలేని పని. మీ తమ్ముడికి ఇది చిన్నతనంగా అనిపించవచ్చు. స్లో మోషన్ వీడియో చూపించండి.

మీరు లైవ్ పెట్టుకోకుండా రికార్డు చేసిన ట్రాక్ మీద చేస్తుంటే ఇంకా తేలిక. ట్రాక్ మారదు కాబట్టి ఏది ఎప్పుడు జరగాలో ముందే రాసిపెట్టవచ్చు. పాట, గీత కదలిక ఒకే వీడియో ఫైల్‌గా చేసి ఒకే ల్యాప్‌టాప్ నుంచి వదలండి. కదలికకు స్పందిస్తోందని అబద్ధం చెప్పాల్సిన పని లేదు, ఎవరూ అడగరు.

పెద్ద పెద్దవాళ్ళే ఈ దారి పట్టారు. అమెరికాలో మెర్స్ కన్నింగ్‌హామ్ అనే కొరియోగ్రాఫర్ 1965లోనే స్టేజీ మీద యాంటెన్నాలు, వెలుగును పసిగట్టే కళ్ళు పెట్టి, డ్యాన్సర్లు దగ్గరికి వస్తే శబ్దం మారేలా చేయించాడు. అదే మనిషి 1999లో బైపెడ్ అనే అంశం చేసినప్పుడు, డ్యాన్సర్ల కదలికలను ముందే కంప్యూటర్‌లోకి తీసుకుని, వాటితో గీసిన బొమ్మలను స్టేజీ ముందు వేలాడదీసిన పల్చటి తెర మీద వేశారు. బొమ్మలు అప్పటికప్పుడు పుట్టినవి కావు. ముందే చేసి పెట్టినవి. అయినా ఈ రంగంలో అందరూ గుర్తుచేసుకునేది దాన్నే. ఆ పల్చటి తెర మీకు కావాలంటే దోమతెర గుడ్డ చాలు. ముందు నుంచి వెలుగు పడితే దాని మీద బొమ్మ కనిపిస్తుంది, వెనక లైట్ వేస్తే గుడ్డ మాయమై మనిషి కనిపిస్తుంది.

మనకు ఇదేమీ కొత్త కాదు కూడా. కాకినాడ పక్కన మాధవపట్నం తోలుబొమ్మలాట వాళ్ళు చేసేది తెర వెనక దీపంతో ప్రొజెక్షనే, అక్కడ ఆడించే చెయ్యే నంబర్ ప్యాడ్. కూచిపూడి భాగవతుల రోజుల్లో రాక్షస పాత్ర ప్రవేశానికి కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమనేది. సరిగ్గా దరువు మీద. చల్లేవాడికి దరువు తెలుసు, అంతే రహస్యం. భామాకలాపంలో తెర మీంచి జడ వేసినప్పుడు కనిపించేది జడ ఒక్కటే, మిగిలిన సత్యభామను జనమే ఊహించుకుంటారు. మన నీలి గీత కూడా అదే పని చేయాలి.

ఇంకో పని అడుగుతారేమో అని ముందే చెబుతున్నాను: నేల మీద ప్రొజెక్షన్. 2006లో ఆస్ట్రేలియా వాళ్ళు గ్లో అనే అంశంలో పైన ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, ప్రొజెక్టర్ పెట్టి డ్యాన్సర్ చుట్టూ నేల మీద వెలుగు కదిలేలా చేశారు, అద్భుతంగా ఉంటుంది. కానీ చూసేవాళ్ళు పై నుంచి చూస్తేనే. మన స్టేజీ నాలుగడుగుల ఎత్తు, జనం కింద కుర్చీల్లో. వాళ్ళకు నేల కనిపించదు. సింహనందిని అనే నాట్యంలో పాదాలతో గీసిన సింహాన్ని చివర గుడ్డ ఎత్తి చూపించేది అందుకే.

కెమెరాతో ఒంటి కదలిక పట్టే పద్ధతుల గురించి రెండు ముక్కలు. మనిషి కదలికను పట్టే పాత కినెక్ట్ కెమెరా ఎక్కడైనా దొరికినా, మొదటి తరంది నాలుగు మీటర్లు దాటితే సరిగా చూడదు, పూర్తి అస్థిపంజరం గుర్తుపట్టేది ఇద్దరినే. మీరు ఎనిమిది మంది. మీడియాపైప్ లాంటి ప్రోగ్రాంలు మామూలు వెబ్‌క్యామ్‌తో ఒంట్లో 33 బిందువులు పడతాయి, ఇంట్లో ప్యాంటు వేసుకుని చూపిస్తే ముచ్చటేస్తుంది. అరమండిలో కుచ్చెళ్ళ విసనకర్ర విచ్చుకుందంటే మోకాళ్ళు ఎక్కడున్నాయో దానికి తెలియక ఊహిస్తుంది. పైగా కెమెరా తెర మీది బొమ్మను కూడా మనిషే అనుకునే ప్రమాదం ఉంది. ఈసారికి వదిలేయండి.

అయితే సెన్సారు అసలు వద్దా? ఒక్కటి పెట్టండి, ఒక్క చోట. ఆలస్యం దోషం కాని చోటు చూసి. మూడో హెచ్చరిక దాటాక అంతా ఆగాలన్నాను కదా. అక్కడ ఒకే అమ్మాయి, తాళం లేకుండా, గీతను చేత్తో ఆపబోతున్నట్టు, తోసేస్తున్నట్టు, బతిమాలుతున్నట్టు అభినయం. సెన్సారు ఆమె ముంజేతికి. చెయ్యి పైకి లేస్తే ఆ వంపును బట్టి గీత కాస్త కిందికి దిగాలి, చెయ్యి అలసి వాలితే మళ్ళీ రావాలి. ఇక్కడ గీత 150 మిల్లీసెకన్లు వెనకబడినా తప్పు కాదు. నీళ్ళు బరువు కదా, చెప్పగానే వింటాయా? మీ తమ్ముణ్ణి ఇంకా ఆలస్యం కలపమనండి. సెన్సారు అంకెలు వణుకుతుంటాయి కాబట్టి చివరి పది, పదిహేను విలువల సగటు తీసుకుంటే గీత నెమ్మదిగా, బరువుగా కదులుతుంది. రేపు రేడియో లింకు తెగిపోయినా గీత ఉన్నచోటే ఆగుతుంది. వరద ఆమె మాట వినలేదని జనం అనుకుంటారు.

లిథియం బ్యాటరీని ఒంటికి తగలనివ్వకండి. చెమట పడుతుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, గుడ్డ చుట్టి, రవిక చేతి మీద కట్టండి. ఈఎస్‌పీ32 బోర్డులు రెండింటిని రౌటర్ లేకుండా నేరుగా మాట్లాడించవచ్చు, ఆ పద్ధతి పేరు ఈఎస్‌పీ-నౌ, మీ తమ్ముడికి తెలిసే ఉంటుంది. రిసీవర్ స్టేజీ పైన, నాట్యం చేసే అమ్మాయి నుంచి అడ్డం లేకుండా కనిపించేచోట.

గరగల గురించి. వాళ్ళను పిలవడం మంచి ఆలోచన. లైట్లు చుట్టడం గురించి మాత్రం మీరూ నేనూ తేల్చేది కాదు, ముందు వాళ్ళనే అడగండి. జాతరలో తలకెత్తుకునే గరగ వాళ్ళకు అమ్మవారు. ప్రదర్శన కోసం వేరే గరగ తెస్తామంటే అప్పుడు మాట్లాడవచ్చు, అప్పుడైనా బ్యాటరీ బరువు ఒక పక్కకు లాగకూడదు. మెడ మీద అంత ఎత్తు నిలబెట్టి తిరిగేవాళ్ళకు వంద గ్రాముల తేడా కూడా తెలుస్తుంది.

ఇక ఊళ్ళో స్టేజీ బాధలు. జనవరిలో రాత్రి తొమ్మిది దాటితే మంచు దిగుతుంది. లెన్సు మీద తేమ పడుతుంది, ప్రొజెక్టర్‌ను మధ్యలో ఆపకుండా వెలుగుతూ ఉంచితే ఆ వేడికి తేమ పట్టదు. ల్యాప్‌టాప్ మీద పాలిథీన్ కవరు. స్టేజీ చెక్కలు తడిసి జారతాయి, ప్రతి అంశానికి ముందు పొడి గుడ్డతో తుడిపించండి, పిల్లలు వట్టి కాళ్ళతో ఉంటారు. వైర్లన్నీ స్టేజీ అంచుల మీదుగా పోవాలి, కార్పెట్ కింద నుంచి కాదు. పొలాలు దగ్గరైతే పురుగు లైట్ మీదికి వస్తుంది. పక్కన కాస్త దూరంగా ఒక తెల్లటి బల్బు వేలాడదీస్తే చాలావరకు అటు పోతుంది. కరెంటు విషయంలో లైట్లకు ఒక లైను, సౌండ్‌కూ కంప్యూటర్‌కూ ఇంకో లైను అడగండి, ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో మీ ముందే చూపించమనండి. జనరేటర్ మార్చే ఆ పది సెకన్లకు ప్రొజెక్టర్‌ను బతికించలేం కానీ ల్యాప్‌టాప్, రిసీవర్ చిన్న యూపీఎస్ మీద ఉండాలి. ప్రొజెక్టర్ ఆరితే మళ్ళీ వెలగడానికి నిమిషం పైగా పడుతుంది. ఆ నిమిషం పిల్లలు ఆగకుండా చేసుకుపోవాలి, అది కూడా రిహార్సల్ చేయించండి.

డబ్బు ఎలా ఖర్చుపెట్టాలంటే, ప్రొజెక్టర్‌ను ఒక రోజుకు కాదు, రెండు రోజులకు తీసుకోండి. ముందు రోజు రాత్రి అదే స్టేజీ మీద, అదే వేళకు, సీరియల్ సెట్లు వెలిగించి రిహార్సల్ చేయాలి. సెన్సారు, నంబర్ ప్యాడ్, దోమతెర గుడ్డ అన్నీ కలిపినా పెద్దగా కాదు. మిగిలింది పక్క లైట్లకు, మృదంగానికి పెట్టండి.

ఇవన్నీ కొనకముందు ఒక పని చేయండి. తెర లేదు, గీత లేదు, మీ స్కూల్ వరండాలో పిల్లలతో మొత్తం చేయించి, వరద చూసిన పెద్దవాళ్ళను ఎవరినైనా ఒకరిని కూర్చోబెట్టండి. మధ్యలో ఆపి, "ఇప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయండీ?" అని అడగండి. వాళ్ళు నడుం చూపిస్తే ప్రొజెక్టర్‌కు అడ్వాన్స్ ఇవ్వండి. చూపించలేకపోతే ఇంకో రెండు వారాలు ఆగండి. స్లో మోషన్‌లో ఎన్ని ఫ్రేములు వచ్చాయో కూడా చెప్పండి, 20 దాటితే ఆలస్యాన్ని ఎక్కడ తగ్గించాలో చూద్దాం.